రెండున్నర కిలోలు

జూన్ 9, సోమవారం

జిమ్‌లో ఆడవాళ్ళు బట్టలు మార్చుకునే గది. సాఫ్ట్‌వేర్ అమ్మాయి ముందు తలుపు వైపు చూసి, తర్వాత నా వైపు తిరిగింది. "మేడమ్, మీరు కెమిస్ట్రీ లెక్చరర్ కదా, ఒకటి అడగనా?" గొంతు తగ్గించిన తీరు చూసి నెలసరి సంగతేదో అనుకున్నాను. బ్యాగులోంచి కుంకుమ పోసుకునేంత స్టీలు డబ్బా తీసి మూత విప్పింది. తెల్లటి పొడి. పెద్ద డబ్బా ఆఫీసు డెస్కులో దాచిందట. ఇంట్లో కనిపిస్తే వాళ్ళమ్మ ఊరుకోదట.

క్రియాటిన్. గది బయట హాల్లో డిగ్రీ కుర్రాళ్ళు షేకర్లు గలగలలాడిస్తూ అందరి ముందూ తాగేది ఇదే.

నేను ఉగాది దగ్గర్నుంచీ వేసుకుంటున్నానని చెప్పాను. "మీరా!" అంది. ఆ "మీరా"లో నా వయసు వాటా ఎంతో, నేను కాలేజీకి కట్టుకెళ్ళే నేతచీరల వాటా ఎంతో తేల్చుకోలేకపోయాను.

జూన్ 11

ఆ పిల్లకు ఈరోజు ట్రెడ్‌మిల్ పక్కన నిలబడి చెప్పింది ఇక్కడ రాసిపెడుతున్నా. మళ్ళీ ఎవరో ఒకరు అడుగుతారు.

కండరం బిగుసుకోవాలంటే ఏటీపీ అనే శక్తి అణువు కావాలి. ఉన్న ఏటీపీ గట్టిగా పనిచేస్తే రెండు మూడు సెకన్లలో అయిపోతుంది. అప్పుడు ఫాస్ఫోక్రియాటిన్, అంటే ఫాస్ఫేటు అంటిపెట్టుకున్న క్రియాటిన్, పక్కింటి చేబదులులా తన ఫాస్ఫేటు ఇచ్చి, ఖర్చయినదాన్ని మళ్ళీ ఏటీపీగా మారుస్తుంది. అదీ మహా అయితే పది సెకన్ల వ్యవహారం. బరువైన స్క్వాట్ ఐదు సార్లు చేసే సమయం. కండరంలో క్రియాటిన్ నిల్వ కాస్త పెరిగితే ఐదు చేసేవాళ్ళు ఆరు చేయగలరు. ఆ ఆరోది నెలల తరబడి పోగుపడి బలమవుతుంది. పొడి వేసుకుని సోఫాలో కూర్చుంటే ఏమీ కాదు, మూత్రం కాస్త ఖరీదవుతుంది.

ఇది బయటి నుంచి వచ్చిన వింత పదార్థమేమీ కాదు. కాలేయం, మూత్రపిండాలు, క్లోమం కలిసి ఆర్జినిన్, గ్లైసిన్, మెథియోనిన్‌ల నుంచి రోజుకు ఒక గ్రాము దాకా తయారుచేస్తాయి. మిగతాది మాంసం, చేపల నుంచి వస్తుంది. ఒంట్లో ఉన్నదాంట్లో నూటికి 95 వంతులు కండరాల్లోనే ఉంటుంది. రోజూ కొంత క్రియాటినిన్‌గా మారి మూత్రంలో పోతుంది కాబట్టి ఆ లోటు పూడ్చుకుంటూ ఉండాలి.

"మరి మగాళ్ళలా అయిపోనుగా?" అంది. ఇది హార్మోను కాదమ్మా, స్టెరాయిడ్ అంతకన్నా కాదు అన్నాను. ఆడవాళ్ళ కండలు అంత సులువుగా పెరిగేవయితే నేను ఈపాటికి ఈ జిమ్ తలుపులో పట్టేదాన్ని కాదు.

జూన్ 15, ఆదివారం

జాలరిపేట నుంచి వంజరం తెచ్చారు. తూనిక కిలో పావు, శుభ్రం చేశాక కిలోకి తక్కువే. అత్తయ్య పులుసు పెట్టారు.

పచ్చి చేపలోనూ మాంసంలోనూ కిలోకు నాలుగైదు గ్రాముల క్రియాటిన్ ఉంటుంది. నేను స్కూపుతో వేసుకునే ఐదు గ్రాములు తిండి నుంచే రావాలంటే ఈ చేప మొత్తం నేనొక్కదాన్నే తినాలి, రోజూ. పప్పులో, కూరల్లో అసలుండదు. పాలలో ఉందంటే ఉంది.

వడ్డన గమనించాను. పెళ్ళయిన కొత్తలో ఈ ఇంట్లో నడుం ముక్కలు మామయ్యగారికి, మా వారికి, మరుదులకు. తోక, తల, అడుగున మిగిలిన పులుసు ఆడవాళ్ళకి. చివరి పంక్తిలో నేనూ అత్తయ్యా తోటికోడలూ. ఎవరూ శాసనం చేయలేదు, గరిటె దానంతటదే అటు వెళ్ళేది. మా అమ్మగారింట్లోనూ అంతే. రుచి పులుసులోనే ఉందని మాకు మేమే చెప్పుకునేవాళ్ళం. కెమిస్ట్రీ ప్రకారం అందులో కొంత నిజం లేకపోలేదు. ఉడికేటప్పుడు క్రియాటిన్ కొంత నీళ్ళలోకి దిగుతుంది. కాకపోతే చింతపండు పులుపు, వేడి కలిసి అందులో కొంత భాగాన్ని క్రియాటినిన్‌గా మార్చేస్తాయి. అది కండరానికి ఎందుకూ పనికిరాదు.

ఈరోజు అత్తయ్య నా కంచంలో నడుం ముక్క వేశారు. ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు.

జూన్ 24

ఫస్టియర్ పిల్లలకు ల్యాబ్‌లో సామాన్లు చూపించడం. లీబిగ్ కండెన్సర్ దగ్గర ఆగాను. ఈ గాజుగొట్టం కనిపెట్టింది యూస్టస్ ఫాన్ లీబిగ్ కాదు, వాడుకలోకి తెచ్చిన పుణ్యానికి పేరు ఆయనకు అంటుకుంది. పిల్లలకు చెప్పని ముచ్చట ఒకటుంది. మాంసం రసంలోంచి క్రియాటిన్‌ను మొదట వేరుచేసింది 1832లో ఫ్రాన్స్‌లో షెవ్రల్. 1847లో లీబిగ్ దాన్ని మళ్ళీ పట్టుకున్నాడు. వేటలో తరిమి చంపిన నక్క మాంసంలో, బోనులో పెంచిన నక్క మాంసంలో కన్నా పది రెట్లు ఎక్కువ క్రియాటిన్ కనిపించిందని రాశాడు. పరుగెత్తిన కండలోనే ఈ సరుకు పోగవుతుందని ఆయన అభిప్రాయం. తర్వాత ఆయన పేరు మీదే మాంసపు సారం సీసాల్లో అమ్మిన కంపెనీ వచ్చింది, ఉరుగ్వేలో ఫ్యాక్టరీతో సహా. సప్లిమెంట్ల వ్యాపారం వయసు మనం అనుకున్నదానికన్నా పెద్దది.

ఆ తర్వాత చాలాకాలం దీన్ని ఆటగాళ్ళెవరూ పట్టించుకోలేదు. 1992లో హారిస్, సోడర్‌లుండ్, హుల్ట్‌మన్ అనే ముగ్గురు, నోటి ద్వారా తీసుకుంటే కండరంలో నిల్వ నిజంగానే పెరుగుతుందని చూపించారు. అదే ఏడాది బార్సిలోనా ఒలింపిక్స్. 100 మీటర్లలో బ్రిటన్‌కు చెందిన లిన్‌ఫోర్డ్ క్రిస్టీ, 400 మీటర్ల హర్డిల్స్‌లో శాలీ గన్నెల్ స్వర్ణాలు గెలిచారు. ఇద్దరూ క్రియాటిన్ వాడారని పత్రికల్లో వచ్చింది. ఈ కథ ఎక్కడ చెప్పినా క్రిస్టీ ఒక్కడే ఉంటాడు. ఈ పొడి ప్రచారంలోకి వచ్చిన మొదటి రోజునే అందులో ఒక ఆడమనిషి ఉంది.

జులై 2

ఈరోజు రాయాల్సింది చాలా ఉంది.

జిమ్ రిసెప్షన్ పక్కన గాజు బీరువా. లోపల లైట్లు. వే ప్రొటీన్లు, ప్రీ-వర్కౌట్లు, మాస్ గెయినర్లు, క్రియాటిన్ నాలుగైదు రకాలు. "లెమన్", "బ్లూబెర్రీ", గులాబీ రంగు మూతతో "ఫర్ హర్" అని ఒకటి. ఆ గులాబీ డబ్బా వెనక చదివాను. అదే మోనోహైడ్రేటు. గ్రాములు తక్కువ, ధర ఎక్కువ. ఆడవాళ్ళకు వేరే క్రియాటిన్ లేదు.

ఇక లోపల బరువులున్న చోటికి రండి. బార్లన్నీ 20 కిలోలవి. ఆడవాళ్ళ వెయిట్‌లిఫ్టింగ్ పోటీల్లో వాడే బారు 15 కిలోలు, మందం 25 మిల్లీమీటర్లు. మగవాళ్ళది 28. మూడు మిల్లీమీటర్లేగా అనిపిస్తుంది. చిన్న చేతితో డెడ్‌లిఫ్ట్ పట్టు పట్టి చూస్తే తెలుస్తుంది, బొటనవేలు చూపుడువేలి మీదకు రాక బారు ఎలా జారిపోతుందో. 15 కిలోల బారు ఇక్కడ ఒక్కటీ లేదు. ప్లేట్లలో అన్నిటికన్నా చిన్నది రెండున్నర కిలోలు.

లెక్క వేద్దాం. సాఫ్ట్‌వేర్ అమ్మాయి బెంచ్ ప్రెస్ ఖాళీ బారుతో చేస్తోంది. 20 కిలోలు, ఎనిమిది సార్లు, చక్కగా. ఇప్పుడు పెంచాలంటే అటొకటి ఇటొకటి వేయాలి, అంటే 25. ఒక్క దెబ్బకి నూటికి 25 పెరుగుదల. 80 కిలోలు ఎత్తే కుర్రాడికి అవే రెండు ప్లేట్లు నూటికి ఆరు. ఆ పిల్ల వారాలుగా 20 దగ్గరే ఆగిపోయింది. అదేదో తన ఒంట్లో లోపం అనుకుంటోంది. ట్రైనర్ సలహా ఏమిటంటే, "క్రియాటిన్ లోడింగ్ చేయండి మేడమ్, ఆటోమేటిగ్గా లేచిపోద్ది."

లేవదు. బెల్జియంలో 1997లో వ్యాయామం అలవాటు లేని 19 మంది యువతుల మీద పది వారాలు పరీక్షించి చూస్తే, క్రియాటిన్ తీసుకున్నవాళ్ళ బలం మిగతావాళ్ళకన్నా 20, 25 శాతం ఎక్కువగా పెరిగిందని తేలింది. ఆడవాళ్ళ గురించి అందరూ ఉదహరించే పరీక్ష ఇదే. ఆ తర్వాత వచ్చినవన్నీ కలిపి చూస్తే ఆడవాళ్ళలో లాభం ఇంతకన్నా చాలా తక్కువే, మగవాళ్ళలో కనిపించినదానికన్నా కూడా తక్కువే. పైగా అదంతా వారాల మీద, మెల్లగా, కొంచెం కొంచెం బరువు పెంచుకుంటూ పోతే వచ్చే లాభం. కొంచెం కొంచెం పెంచడానికి ఇక్కడ ప్లేటే లేదు.

ఓనరుని అడిగాను. "ఆడవాళ్ళకి మెషీన్లున్నాయి కదా మేడమ్" అన్నాడు. మంచివాడే. నాకు పార్కింగ్ కూడా చూసిపెడతాడు.

జులై 6, తొలి ఏకాదశి

మా జిమ్‌కే వచ్చే బ్యాంకు అక్క ఫోన్ చేసింది. రిటైరయి రెండేళ్ళు. నన్ను చూసి తనూ క్రియాటిన్ మొదలుపెట్టింది, నాకు చెప్పకుండా, ట్రైనర్ చెప్పిన లోడింగ్‌తో సహా. రోజుకు 20 గ్రాములు. వారం తిరిగేసరికి తూకం కిలోన్నర పెరిగింది, పొట్ట పాడయింది. "నీ మాట విన్నందుకు ఇదా" అంటుంది. నేను ఏ మాటా చెప్పందే!

ఆ కిలోన్నర నీరు. క్రియాటిన్ కండర కణంలోకి వెళ్తూ నీటిని కూడా వెంట తీసుకెళ్తుంది. కొవ్వు కాదు, ఒళ్ళు వాచడమూ కాదు. మొదట్లో పెద్ద మోతాదు వేసుకునే ఈ లోడింగ్ కూడా తప్పనిసరి కాదని 1996లోనే తేలింది. రోజుకు మూడు గ్రాముల చొప్పున నాలుగు వారాలు తీసుకుంటే నిల్వ అదే మట్టానికి చేరుతుంది, కడుపు ఉబ్బరం లేకుండా.

అక్కకు ఇదంతా చెప్పాను. వింది. అయినా తూకంలో ఆ అంకె తనను బాధపెడుతోందని గొంతులో తెలుస్తోంది. ముప్ఫై ఏళ్ళుగా ప్రతి నెలా తగ్గితే సంతోషం, పెరిగితే ఏడుపు. ఎంత చదువుకున్నా ఆ యంత్రం ముందు మేమందరం చిన్నపిల్లలమే. మగవాళ్ళకు అదే కిలోన్నర పెరిగితే పొడి పనిచేస్తోందని పండగ చేసుకుంటారు.

జులై 13

జుట్టు. ఈ పొడికి రాలుతుందా అని అడగని ఆడమనిషి లేదు. 2009లో దక్షిణాఫ్రికా రగ్బీ కుర్రాళ్ళలో జుట్టు రాలడంతో ముడిపడిన డీహెచ్‌టీ అనే హార్మోను పెరిగిందని ఒక చిన్న అధ్యయనం వచ్చింది. జుట్టు రాలిందా లేదా అని అందులో ఎవరూ చూడనే లేదు. ఆ ఒక్క కాగితం పుణ్యమా అని పదహారేళ్ళుగా లోకమంతా తల తడుముకుంటోంది. 2025లో వచ్చిన పరీక్షలో పన్నెండు వారాలు జుట్టునే పరిశీలించి, తేడా లేదన్నారు. అదీ మగవాళ్ళ మీదే.

నా జుట్టు రాలుతోంది. క్రియాటిన్‌కు పదేళ్ళ ముందు నుంచే.

జులై 25, శ్రావణం మొదలు

నెలంతా నీచు బంద్. ఉదయం గ్లాసులో పొడి కలుపుతుంటే అత్తయ్య వెనక నిలబడ్డారు.

"అది నీచేనా అమ్మాయ్? మాంసంలో ఉంటాదన్నావు గదా."

డబ్బా మీద ఆకుపచ్చ చుక్క చూపించాను. ఫ్యాక్టరీలో సార్కోసిన్, సయనమైడ్ అనే రెండింటిని కలిపి తయారుచేస్తారు, జంతువు ఊసే లేదు. సయనమైడ్ అన్న మాట అత్తయ్య దగ్గర వాడకుండా ఉండాల్సింది గానీ అదృష్టం, ఆవిడ దృష్టి అటు పోలేదు.

"ఎంతేటి?"

"ఏడొందల ఎనభై. రెండు మూడు నెలలొస్తుంది."

"మీ మామయ్యకి హార్లిక్స్ కొన్నప్పుడు కూడా ఇంత ఆలోచించినాం" అని వెళ్ళిపోయారు. ఒప్పుకున్నట్టా, దెప్పినట్టా?

నిజానికి ఈ పొడి ఎవరికైనా ఎక్కువ పనికొచ్చేదుంటే శాకాహారులకే. వాళ్ళ కండరాల్లో నిల్వ తక్కువగా ఉంటుంది కాబట్టి పెరగడానికి చోటు ఎక్కువ. మన జిమ్‌లో మాంసాహారుల కండలు చూసి మురిసిపోయే శాకాహారి ఆడపిల్లలు చాలామంది ఉన్నారు, ఈ సంగతి వాళ్ళకెవరూ చెప్పరు.

గ్లాసు సంగతి కూడా రాయాలి. చల్లటి నీళ్ళలో ఇది సరిగా కరగదు. మామూలు నీళ్ళలోనే లీటరుకు 14 గ్రాముల దాకా కరుగుతుంది, అంటే చిన్న గ్లాసులో ఐదు గ్రాములు వేస్తే అడుగున సన్నటి ఇసుక పేరుకుంటుంది. సగంమంది ఆ ఇసుకను సింకులో పారబోసి, పొడి పనిచేయట్లేదంటారు. గోరువెచ్చని నీళ్ళు వాడి, గ్లాసు తొలిపి ఆ నీళ్ళు కూడా తాగాలి. రుచి లేదు, వాసన లేదు. పళ్ళ కింద కొంచెం కరకర.

ఆగస్టు 5

కాలేజీ వాళ్ళు స్టాఫ్‌కి చేయించే ఏడాది పరీక్షల రిపోర్టు వచ్చింది. క్రియాటినిన్ 1.14. పక్కన నక్షత్రం గుర్తు. ల్యాబ్ హద్దు 1.1. మా వారు ఆ నక్షత్రం చూసి మంచం మీద కూర్చుండిపోయారు. వాళ్ళ పెదనాన్నగారు డయాలసిస్ మీద పోయారు. కిడ్నీ జబ్బులకు పేరుపడ్డ ఉద్దానం పక్క ఊరు వాళ్ళది. కిడ్నీ అంటే ఆ వైపు వాళ్ళకు భయం ఎంత లోతుగా ఉంటుందో బయటివాళ్ళకు తెలియదు, అందుకని నేను నవ్వలేదు.

డాక్టరు మొదట అడిగిన ప్రశ్నే సరైన ప్రశ్న. "ఏమైనా పొడులు వాడుతున్నారా?" చెప్పాను. ఆవిడ తల ఊపి సిస్టాటిన్-సీ, మూత్రంలో ఆల్బుమిన్ రాశారు.

సంగతేమిటంటే, కిడ్నీ వడపోత ఎలా ఉందో అంచనా వేయడానికి వాడే క్రియాటినిన్ ఈ క్రియాటిన్ నుంచే పుడుతుంది. ఎక్కువ క్రియాటిన్ వేసుకుంటే, కండ ఎక్కువ ఉంటే, కిడ్నీ నిక్షేపంలా ఉన్నా ఆ అంకె పెరుగుతుంది. సిస్టాటిన్-సీకి కండతో గానీ ఈ పొడితో గానీ పనిలేదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో మామూలు మోతాదు క్రియాటిన్ కిడ్నీని పాడుచేసిందని పరీక్షల్లో ఎక్కడా తేలలేదు.

కానీ ఈ మాట సగం విని ఊరుకుంటారేమోనని భయం. ఇప్పటికే కిడ్నీ జబ్బున్నవాళ్ళు దీని జోలికి పోకూడదు. షుగర్, బీపీ ఉన్నవాళ్ళు ముందు కిడ్నీ పరీక్ష చేయించుకోవాలి. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు ఇది భద్రమని చెప్పడానికి తగినంత ఆధారం లేదు, అంటే వద్దనే. పొడి వాడుతున్న సంగతి డాక్టరు దగ్గర దాచకూడదు. స్టీలు డబ్బాలో దాచుకునే పిల్ల డాక్టరుకు మాత్రం చెబుతుందా?

ఆగస్టు 8, వరలక్ష్మీ వ్రతం

సిస్టాటిన్ మామూలుగానే ఉంది. మా వారు శనగలు రెండోసారి అడిగి పెట్టించుకున్నారు.

మధ్యాహ్నం బియ్యం బస్తా వచ్చింది. 25 కిలోల దాకా ప్యాకింగ్ బియ్యానికి జీఎస్టీ పడుతుందని వర్తకులు 26 కిలోలు నింపుతున్నారు, ఆ అదనపు కిలో ప్రభుత్వం నాకిచ్చిన వ్యాయామం. ఆటో అబ్బాయి "ఉండండి ఆంటీ" అనేలోపు పట్టుచీర కుచ్చిళ్ళు పైకి దోపి, నడుం వంచకుండా మోకాళ్ళు వంచి లేపి, లోపల పెట్టాను. పేరంటానికొచ్చిన ఎదురింటావిడ తాంబూలం చేతిలో పట్టుకుని "నడుం జాగ్రత్త" అంది. నడుం కోసమే ఇదంతా.

ఆగస్టు 17

సాఫ్ట్‌వేర్ అమ్మాయి ఒక రోజంతా తిన్నది నా నోటుపుస్తకంలో రాసిచ్చింది. పొద్దున ఇడ్లీ, కొబ్బరి చట్నీ. ఆఫీసులో సాంబారన్నం, బంగాళాదుంప వేపుడు. సాయంత్రం టీ, బిస్కెట్లు. రాత్రి పెరుగన్నం. ఎలా కూడినా ప్రొటీన్ 35 గ్రాములు దాటట్లేదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం మామూలు మనిషికే కిలో బరువుకు 0.83 గ్రాములు, 55 కిలోల స్త్రీకి 46. బరువులెత్తేవాళ్ళకు ఇంకా ఎక్కువ కావాలి.

అదే సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో ప్రొటీన్ పొడులకు దూరంగా ఉండమంది. జిమ్ కుర్రాళ్ళు దాని మీద జోకులేశారు. నా మట్టుకు, ఆ గాజు బీరువా చూశాక, వాళ్ళ అనుమానం సబబే అనిపిస్తుంది. క్రియాటిన్ ప్రొటీన్ కాదు, అన్నిటిలోకీ ఎక్కువ పరీక్షలకు నిలిచిన సరుకు. కానీ ఆ బీరువాలో అది ఒంటరిగా ఉండదు. దాని మంచిపేరు మీద పక్కనున్నవన్నీ అమ్ముడుపోతాయి.

ముందు రెండు గుడ్లు, గుప్పెడు వేరుశనగలు, మధ్యాహ్నం గట్టి పప్పు అన్నాను. "పొడి మానేయనా?" అంది. మానక్కర్లేదు, ముందు తిను.

ఆగస్టు 31

బ్యాంకు అక్క ఎముకల స్కాను చేయించుకుంది. తుంటి దగ్గర సాంద్రత తగ్గింది. "ఎముకలకు క్రియాటిన్ మంచిదట కదా, మళ్ళీ మొదలెట్టనా?"

ఈ ప్రశ్నకు తియ్యగా జవాబు చెప్పడం తేలిక. 2015లో కెనడాలో ఏడాదిపాటు చేసిన చిన్న పరీక్షలో, నెలసరి ఆగినవాళ్ళకు తొడ ఎముక మెడ దగ్గర నష్టం తగ్గినట్టు కనిపించింది. అందరూ చెప్పేది అక్కడి వరకే. అదే బృందం 237 మంది మీద రెండేళ్ళు పరీక్షించి 2023లో ఫలితం ఇచ్చింది. అందరికీ వ్యాయామం, సగంమందికి క్రియాటిన్. ఎముక సాంద్రతలో తేడా లేదు. తమ ఆశను తామే పెద్ద పరీక్షకు పెట్టి, రాలేదని రాసినవాళ్ళంటే నాకు గౌరవం.

మరి ఎముకకు ఏది పనిచేసింది? ఆస్ట్రేలియాలో 101 మంది, అందరూ అక్క వయసు దాటినవాళ్ళు లేదా ఆ దగ్గర్లో ఉన్నవాళ్ళు, ఎముకలు పలచబడ్డవాళ్ళు. వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున, ఎనిమిది నెలలు. డెడ్‌లిఫ్ట్, స్క్వాట్, తల మీదకు ప్రెస్, గెంతి దిగడం. తేలికపాటి బరువులు కాదు, ఐదుసార్లకు మించి ఎత్తలేనంత బరువు, పక్కన తెలిసినవాళ్ళు నిలబడి చూస్తుండగా. వెన్నెముకలో సాంద్రత మూడు శాతం దగ్గరగా పెరిగింది. తేలిక వ్యాయామం ఇంట్లో చేసినవాళ్ళకు తగ్గింది. 2017లో వచ్చింది ఇది.

"అంటే పొడి వద్దు, బరువు ముద్దు అంటావు." ప్రాసలు బ్యాంకు అక్కకు సరదా. పొడి నీ ఇష్టం, డెడ్‌లిఫ్ట్ మాత్రం రేపటి నుంచి అన్నాను.

సెప్టెంబర్ 6

డాలస్ నుంచి వచ్చిన పిన్ని కూతురు క్రియాటిన్ గమ్మీలు తెచ్చింది, ఎర్రగా, ఎలుగుబంటి ఆకారంలో. గమ్మీలను పరీక్షిస్తే కొన్నిటిలో అసలు సరుకు దాదాపు లేదని అమెరికాలోనే బయటపడింది. శనివారం మధ్యాహ్నం, ల్యాబ్ ఖాళీ, నేనూ చూద్దామనుకున్నాను.

ముందు నా పొడి చిటికెడు సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేసి నీటి తొట్టెలో మరిగించాను. క్రియాటిన్ క్రియాటినిన్‌గా మారుతుంది. చల్లార్చి, కాస్టిక్ సోడాతో ఆమ్లాన్ని చంపి, పిక్రిక్ ఆమ్లం చుక్కలు, ఇంకొంచెం క్షారం. నిమ్మపండు రంగు కళ్ళ ముందే నారింజలోకి, నారింజ నుంచి ఇటుక ఎరుపులోకి. 1886 నాటి యాఫే చర్య. ఆసుపత్రి ల్యాబుల్లో క్రియాటినిన్ కొలవడానికి ఇప్పటికీ వాడుతున్నారు. నా నక్షత్రం గుర్తు కూడా ఈ రంగులోంచే వచ్చి ఉంటుంది.

గమ్మీ మీద తీర్పు ఇవ్వలేను. చక్కెర కూడా పిక్రిక్ ఆమ్లాన్ని ఎర్రబారుస్తుంది. గమ్మీలో చక్కెర ఉందని మాత్రం నిర్ధారించగలను, అది నాలుకా చెప్పింది.

సెప్టెంబర్ 19, శుక్రవారం

సరిగ్గా పాతికేళ్ళు. 2000 సెప్టెంబర్ 19, సిడ్నీ. ఆడవాళ్ళ వెయిట్‌లిఫ్టింగ్ ఒలింపిక్స్‌లోకి వచ్చిన మొదటిసారి. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట పిల్ల కరణం మల్లీశ్వరి 69 కిలోల తరగతిలో స్నాచ్ 110, క్లీన్ అండ్ జెర్క్ 130, మొత్తం 240. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ. స్వర్ణం, రజతం ఇద్దరివీ 242.5. తేడా రెండున్నర కిలోలు. అంటే బారుకు అటొకటి, ఇటొకటి, కిలోంబావు ప్లేటు. మా జిమ్‌లో లేని ప్లేటు.

క్లాసులో అడిగితే ఇద్దరికి పేరు తెలుసు. ఒకమ్మాయి విజయనగరం దగ్గర కొండవెలగాడ పిల్ల. ఆ ఊరిది వెయిట్‌లిఫ్టింగ్‌లో పెద్ద పేరు. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల తరగతిలో అక్కడి మత్స సంతోషికి ముందు కాంస్యం వచ్చింది. స్వర్ణం గెలిచిన నైజీరియా అమ్మాయి డోపింగ్‌లో దొరికి పతకం పోగొట్టుకోవడంతో అది రజతమయింది. "మేడమ్, క్రియాటిన్ కూడా డోపింగే కదా" అని వెనక బెంచీ కుర్రాడు. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (వాడా) నిషేధ జాబితాలో క్రియాటిన్ లేదు. క్రియాటిన్ వేరు, ఊరూపేరూ లేని డబ్బాల్లో చెప్పకుండా కలిపేవి వేరు. పోటీలకు వెళ్ళే పిల్లలు భయపడాల్సింది ఆ రెండోదానికి.

కొండవెలగాడ అమ్మాయి ఏమీ అనలేదు. క్లాసయ్యాక వచ్చి, "మా ఊళ్ళో చిన్న ప్లేట్లు ఉంటాయి మేడమ్" అంది. ఉంటాయి మరి. అక్కడ ఆడపిల్లలు ఎత్తుతారని అందరికీ తెలుసు.

సెప్టెంబర్ 21

ఆన్‌లైన్‌లో కిలోంబావు ప్లేట్లు దొరుకుతున్నాయి గానీ రంధ్రం చిన్నది, ఇంట్లో వాడే సన్న బారుకి. మా బారు కొస 50 మిల్లీమీటర్లు. ఆటోనగర్‌లో లేత్ పనిచేసే పాత విద్యార్థి ఒకడున్నాడు. సైజు చెప్పండి మేడమ్ అన్నాడు.

మైల్డ్ స్టీలు సాంద్రత 7.85. మందం 10 మిల్లీమీటర్ల రేకు. మధ్యలో 51 మిల్లీమీటర్ల రంధ్రం. కిలోంబావు రావాలంటే బయటి వ్యాసం 151. లెక్క రెండుసార్లు చూసి పంపాను. బ్యాంకు అక్క, సాఫ్ట్‌వేర్ అమ్మాయి, నేను, ఇంకో ఇద్దరు తలా కొంత వేసుకున్నాం. నాలుగు ప్లేట్లు. మొత్తం ఖర్చు ఒక గులాబీ డబ్బా ధరకు దిగువే.

సెప్టెంబర్ 28, ఆదివారం

ప్లేట్లు వచ్చాయి. అంచులు నున్నగా అరగదీశాడు, చేతికి నూనె అంటింది. కిరాణా కొట్టు కాటా మీద 1.240, 1.245, 1.255, 1.240. లేత్ పనికి ఇంతకన్నా ఏం కావాలి.

సాఫ్ట్‌వేర్ అమ్మాయి బారుకు చెరోటి వేసింది. 22.5. బ్యాంకు అక్క తల దగ్గర నిలబడింది, ట్రైనర్‌ని రానివ్వలేదు. ఐదు సార్లు. ఆరోది సగంలో ఆగి, వంకరపోయి, లేచింది. ఆ పిల్ల లేచి కూర్చుని అన్న మొదటి మాట, "ఇది పొడి వల్లనా, గుడ్ల వల్లనా, ప్లేటు వల్లనా మేడమ్?" మూడింటినీ ఒకేసారి మార్చితే చెప్పలేం అన్నాను. ప్రయోగం అలా చేయరు.

ఇంతలో పక్క రాక్ నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. షోల్డర్ ప్రెస్ 40 దగ్గర ఆగిపోయాడట చాన్నాళ్ళుగా. "ఆంటీ, అవి ఓసారి వాడుకోవచ్చా?" ఇచ్చాం. వాడి దగ్గర్నుంచి ఇంకొకడు పట్టుకెళ్ళాడు. మేం బయల్దేరే వేళకు నాలుగింటిలో రెండే కనబడ్డాయి. మిగతా రెండూ ఎవరి బారుకున్నాయో వెతికి తెచ్చేసరికి అక్క భర్త కింద కారు హారన్ కొడుతున్నాడు. రేపు ఎర్ర పెయింటు డబ్బా తీసుకెళ్ళాలి, పేర్లు రాయడానికి.